అగ్నిపర్వతానికి ఎంత దూరంలో ఉంటే క్షేమం?

కిలోమీటర్లు కొలిచి చెప్పలేం. కొలంబియాలోని ఆర్మెరో పట్టణమే చూడండి. నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం నుంచి నది వెంట వెళితే ఆ ఊరు 70 కిలోమీటర్ల పైమాటే. 1985 నవంబరు 13 రాత్రి ఆ పర్వతం పేలింది. నిజానికి పెద్ద పేలుడేమీ కాదు! కానీ వేడి బూడిద, రాళ్లు శిఖరం మీది మంచును కరిగించాయి. ఆ నీళ్లు మట్టినీ బండలనూ కలుపుకొని, తడి సిమెంటు లాంటి బురదగా లోయలోకి దూకాయి. సుమారు రెండున్నర గంటల్లో ఆర్మెరోను ముంచేశాయి. ఆ విపత్తులో మొత్తం 23,000 మందిదాకా చనిపోయారు.

మరి ముప్పు ఎవరికి ఎక్కువో ముందే ఎలా తెలుస్తుంది? మొదట నేలను తవ్వి చూస్తారు. పాత బూడిద, బురద పొరలు ఎక్కడున్నాయో అక్కడికి మళ్లీ వచ్చే వీలుంది. ఆర్మెరో కట్టిందే పాత బురదప్రవాహాల మేట మీద. ఇలాంటి చోట్లను పటంగా గీసి, దాని మీద జనాభా, ఆసుపత్రులు, రోడ్లు, వంతెనలు గుర్తిస్తారు. ఇళ్ల కప్పులు కూడా చూడాలి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతుబో పేలినప్పుడు తుపాను వానకు బూడిద తడిసి బరువెక్కింది, కప్పులు కూలి చాలామంది చనిపోయారు. హెచ్చరిక అందాక ఎత్తైన చోటుకు చేరడానికి ఎంతసేపు పడుతుందన్నదీ లెక్కే.

ఆర్మెరోకు ముప్పుందని చూపే పటం 1985 అక్టోబరులోనే తయారైంది. ఊరిని మాత్రం ఖాళీ చేయించలేదు.