10 మీటర్ల అద్దం, 2 మిల్లీమీటర్ల నీరు

టెలిస్కోపు అనగానే అందరూ ముందు అడిగేది అద్దం ఎంత పెద్దదని. హవాయి దీవుల్లో మౌనా కెయా కొండ మీదున్న కెక్ జంట టెలిస్కోపులకైతే జవాబు ఒక్కోదానికి 10 మీటర్లు. పత్రికలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. కానీ 300 టన్నుల యంత్రాలు రెండింటిని 4,145 మీటర్ల ఎత్తున ఎందుకు నిలబెట్టారో ఆ అంకె చెప్పదు. దానికి గాలిలోని నీటి లెక్క చూడాలి.

నెత్తి మీద గాలిలో ఉన్న నీటి ఆవిరినంతా పిండి నేల మీద పరిస్తే ఎంత మందాన నిలుస్తుందన్నది ఖగోళ శాస్త్రజ్ఞుల కొలత. వానాకాలంలో మన కోస్తా మీద అది 50 మిల్లీమీటర్ల పైమాటే. మౌనా కెయా మీద మంచి రాత్రుల్లో 2 మిల్లీమీటర్ల లోపే, బాగా పొడిగా ఉన్న రాత్రి 1 కన్నా తక్కువ. వాతావరణంలోని గాలిలో దాదాపు 40 శాతం, నీటి ఆవిరిలో 90 శాతం ఆ శిఖరానికి కిందే ఉండిపోతాయి. సుమారు 2,000 మీటర్ల దగ్గర ఉండే వెచ్చని గాలి పొర మేఘాలను పైకి రానివ్వదు. చుట్టూ సముద్రమే కాబట్టి గాలి సుడులు తిరగకుండా సాఫీగా వీస్తుంది.

నీటితో ఇంత పేచీ ఎందుకంటే, కంటికి కనబడని పరారుణ కాంతిని, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ను, అది తాగేస్తుంది. ఆ కాంతి లేకపోతే కొన్ని చోట్లను చూడనే లేం. పాలపుంత నడిబొడ్డు మనకు 26,000 కాంతి సంవత్సరాల దూరం. మధ్యలో దట్టమైన ధూళి. అక్కడ బయల్దేరిన మామూలు కాంతి కణాల్లో మనదాకా వచ్చేది లక్ష కోట్లకు ఒకటి. అదే 2.2 మైక్రాన్ల పరారుణంలో చూస్తే పదికి ఒకటి దాకా వస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞురాలు ఆండ్రియా గెజ్ బృందం 1995 నుంచి కెక్‌తో ఆ చోటునే చూస్తూ వచ్చింది. అక్కడో నక్షత్రం కంటికి కనబడని దేని చుట్టూనో 16 ఏళ్లకోసారి తిరిగొస్తోంది. ఆ వేగం లెక్కగడితే మధ్యలో ఉన్నదాని బరువు 40 లక్షల సూర్యులంత. అంత బరువు అంత చిన్న చోట ఇమడాలంటే అది కృష్ణబిలమే కావాలి. చిలీలోని ఐరోపా టెలిస్కోపులతో మరో శాస్త్రజ్ఞుడు రైన్‌హార్డ్ గెంజెల్ బృందం విడిగా ఇదే తేల్చింది. 2020 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం ఈ ఇద్దరికీ దక్కింది.

పరారుణంతో ఇంకో చిక్కుంది. వేడి ఉన్న ప్రతి వస్తువూ ఆ కాంతిని వెదజల్లుతుంది. మంచు కరిగే చలిలో ఉన్న అద్దం కూడా 10 మైక్రాన్ల దగ్గర వెలుగుతూనే ఉంటుంది. పగలంతా కెక్ గుమ్మటం లోపల భారీ ఏసీలు నడిచేది అద్దాలు, ఉక్కు వేడికి ఆకారం మారకుండా ఉండటానికి; ఈ వెలుగును అవి ఆపలేవు. అందుకే పక్కనున్న 8.1 మీటర్ల జెమిని నార్త్ అద్దానికి అల్యూమినియం బదులు వెండి పూత వేశారు. వెండి తన వేడిని తక్కువగా బయటపెడుతుంది.

ఇక అద్దం సంగతి. 10 మీటర్ల గాజును ఒకే పలకగా పోసి మోయించడం కుదరని పని. సోవియట్ యూనియన్ 1970ల్లో కట్టిన 6 మీటర్ల అద్దమే 40 టన్నులు దాటింది. జెర్రీ నెల్సన్ అనే కాలిఫోర్నియా శాస్త్రజ్ఞుడు 10 మీటర్ల అద్దాన్ని ఆరు భుజాల ముక్కలుగా చేద్దామన్నాడు. కెక్‌లో ఒక్కో అద్దానికి అలాంటివి 36. ఒక్కో ముక్క అడ్డం 1.8 మీటర్లు, మందం 7.5 సెంటీమీటర్లు. హైదరాబాద్ దగ్గర రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టుకున్న టెలిస్కోపు అద్దం మొత్తం 1.2 మీటర్లే, అంటే కెక్‌లోని ఒక్క ముక్క కన్నా చిన్నది.

ముక్కలన్నీ కలిసి ఒకే వంపు తిరగాలంటే, మధ్యలో ఉండేదాని వంపు వేరు, అంచున ఉండేదాని వంపు వేరు. అలాంటి వంకర ఆకారాన్ని సానబట్టడం మహా కష్టం. నెల్సన్ బృందం చేసిన ఉపాయం నాకు ఈ కొండ మీది అంకెలన్నిటికన్నా ఇష్టం. గాజు అంచులకు లెక్కగట్టి బరువులు తగిలించి ముందే వంచారు. వంగిన గాజు మీద మామూలు గుండ్రని వంపునే సానబట్టారు. బరువులు తీసేయగానే గాజు తనంతట తాను కావలసిన ఆకారంలోకి తిరిగింది.

వాటిని వరసలో నిలపడం రోజూ చేయాల్సిన పని. ముక్కల అంచుల్లో 168 సెన్సర్లు, వెనక 108 మోటారు కాళ్లు. సెకనుకు రెండుసార్లు 4 నానోమీటర్ల ఖచ్చితత్వంతో సర్దుతాయి. అది తలవెంట్రుక మందంలో దాదాపు ఇరవై వేలో వంతు. ఆపైన గాలి కదలిక వల్ల వచ్చే మసక ఉంటుంది. దాన్ని తీసేయడానికి ఆకాశంలోకి లేజరు వేసి, సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరలో నకిలీ నక్షత్రాన్ని వెలిగిస్తారు. దాని మిణుకు చూసి, సెకనుకు వెయ్యికి పైగా సార్లు ఒక చిన్న అద్దం ఆకారం మారుస్తారు. మౌనా కెయా గాలిలో మామూలుగా అర ఆర్క్‌సెకను కోణం దాకా కనబడే వివరం దీనితో పది రెట్లు సూక్ష్మమవుతుంది. HR 8799 అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాలను 2008లో నేరుగా ఫొటో తీయగలిగింది కెక్, జెమిని ఇలా అద్దం ఆకారం మార్చి మసక తీసేసినందుకే.

 

చివరి అంకె గాజుదీ కాదు, గాలిదీ కాదు. 1968లో హవాయి రాష్ట్రం ఈ శిఖరం మీది భూమిని హవాయి విశ్వవిద్యాలయానికి 65 ఏళ్లకు లీజుకిచ్చింది. ఒకటొకటిగా 13 టెలిస్కోపులు లేచాయి. స్థానిక హవాయీలకు ఆ శిఖరం పూజనీయం. 492 ముక్కల 30 మీటర్ల టెలిస్కోపు కూడా అక్కడికే వస్తుందనగానే జనం దారికి అడ్డం కూర్చున్నారు. 2019 జులైలో ముప్పైమందికి పైగా పెద్దవాళ్లు అరెస్టయ్యారు. సైన్సుకు అడ్డుపుల్ల అని దాన్ని కొట్టిపారేసినవాళ్లున్నారు. పదమూడు కట్టాక పద్నాలుగోదానికి అడిగిన ప్రశ్న అది. నాకు సబబుగానే అనిపిస్తుంది. మన డబ్బూ అందులో ఉంది: 2014లో కేంద్ర మంత్రివర్గం దాదాపు 1,300 కోట్ల రూపాయలకు ఒప్పుకుంది. కొండ మీద నిర్మాణం మాత్రం లేవలేదు.

2022లో వచ్చిన చట్టం శిఖరాన్ని విశ్వవిద్యాలయం చేతి నుంచి, స్థానిక హవాయీలకూ చోటున్న కొత్త మండలికి మారుస్తోంది. 2024లో రెండు పాత టెలిస్కోపులను పూర్తిగా తీసేశారు. 2028 జులై 1 నుంచి పెత్తనమంతా ఆ మండలిదే. లీజు 2033లో ముగుస్తుంది. ఆ తర్వాత కెక్ అక్కడ ఉండాలన్నా మండలితో కొత్తగా ఒప్పందం చేసుకోవాల్సిందే.