మంచును కాపాడే గొంగళి

బాలలూ! ఒక మంచుగడ్డను గొంగళిలో చుట్టిపెడితే ఏమవుతుంది? "గొంగళి వెచ్చన కనక, మంచు త్వరగా కరిగిపోతుంది," అంటారేమో! కాని అలా జరగదు. ఊరికే బయట పెట్టిన గడ్డకన్న గొంగళిలో చుట్టిన గడ్డే ఎక్కువసేపు నిలుస్తుంది.

ఎందుచేతనంటే, గొంగళికి సొంత వేడి లేదు. ఉన్నిపోగులు ఉంగరాలు తిరిగి ఉంటాయి. వాటి సందుల్లో గాలి చిక్కుకుని, కదలకుండా ఉండిపోతుంది. కదలని గాలిగుండా వేడి తేలికగా పోలేదు. అందుచేత బయటి వేడి లోపలి మంచును త్వరగా చేరదు. అదే గొంగళిని మనం కప్పుకుంటే మన ఒంటి వేడి త్వరగా బయటికి పోదు. గొంగళి వేడికి కాపలాదారు, అంతే!

నార్వే, స్వీడన్ దేశాలలో చలికాలం నెలల తరబడి మంచు కురుస్తుంది. అయినా అక్కడి పిల్లలు బయట ఆడుకుంటారు, నడిచి బడికి పోతారు. కొండకైనా, బజారుకైనా వారి పద్ధతి ఒకటే. ఒక్క బరువైన కోటుకు బదులు మూడు పొరలు తొడుగుతారు. ఒంటిని అంటి పలచని ఉన్నిచొక్కా. అది చెమటను పీల్చుకుంటుంది. దానిమీద గాలిని పట్టి ఉంచే దళసరి ఉన్నిచొక్కా. అన్నిటికీ పైన గాలిని, వానను ఆపే పలచని అంగీ.

చెమటకు అంత భయం దేనికి? నీరు గాలికన్న సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. తడిసిన నూలుచొక్కా మన ఎండలకు హాయి. మంచులో మాత్రం ప్రమాదం. తడి పైనుంచి వచ్చినా అంతే. అందుకే 1877లో హెల్లీ యూల్ హాన్సెన్ అనే నార్వే ఓడకెప్టెను, ముతక నారబట్టను అవిసెనూనెలో నానబెట్టి, నావికులకు వానకోట్లు తయారుచేయించాడు.

మన తెలుగు పిల్లలకు ఈ విద్యతో పనేమిటి అనుకోకండి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ భువనగిరి కొండరాతిమీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు నిండలేదు! అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కూడా ఆమెతో ఎక్కాడు. ఆ శిఖరం ఎత్తు 8,848 మీటర్ల పైచిలుకు. అక్కడ చేతికి తొడుగు లేకపోతే కొద్దిసేపట్లోనే వేళ్ళు గడ్డకట్టుకుపోతాయి. కొందరికి వాటిని తీసివేయవలసి వచ్చింది కూడా. అంత ఎత్తున తొడిగే కోట్లలో బాతుల మెత్తని నూగు నింపుతారు. అదీ గాలిని పట్టి ఉంచేదే.

మరి మన గొంగళి? తెలంగాణా కురుమలు దక్కను గొర్రెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి, గొంగళ్ళు నేస్తూ వచ్చారు. కాపరి వానలో దాన్నే తలమీదుగా కప్పుకుంటాడు. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. నార్వేవాడు మూడు పొరలతో చేసే పని మన కాపరి ఒక్క గొంగళితో చేసుకున్నాడన్నమాట! చౌక దుప్పట్లు వచ్చాక గొంగళి నేసేవారు తగ్గిపోయారు. ఆ నేర్పు మాత్రం తక్కువది కాదు.

హైదరాబాదు మదీనాగూడలో మంచు కురవదు. కాని డిసెంబరు ఉదయం నాన్నగారి మోటారుసైకిలు వెనక కూర్చుని బడికి పోయేవారికి చలి తెలుసు. ఎదురుగాలి స్వెట్టరులోని వెచ్చని గాలిని తరిమేస్తుంది. అప్పుడు రెండో స్వెట్టరు అక్కరలేదు. ఉన్నదానిమీద పలచని వానకోటు తొడగండి. చలి ఎలా తగ్గుతుందో చూడండి!

నమ్మకం కలగకపోతే, ఇవాళే రెండు సమానమైన మంచుగడ్డలు తెచ్చి, ఒకదాన్ని ఉన్నిబట్టలో చుట్టి పరీక్షించండి.