‘సదుపాయం లేదు’ – గుత్త కంపెనీల పాత పాట

శివారు భూముల రైతుకు కాలువ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కాగితం మీద ఆయకట్టు అంతటికీ నీటి హక్కు ఉంటుంది. ఎగువ ఆసామి తన పొలానికి వెళ్లే బోదెలో పూడిక తీయించుకుంటాడు. గండి పడితే రాత్రికి రాత్రే పూడ్పిస్తాడు. దిగువవాడు వెళ్లి అడిగితే మాత్రం, “నీళ్లు వదలొచ్చు గానీ బోదె బాగాలేదయ్యా, నన్నేం చెయ్యమంటావ్?” అంటాడు. హక్కును కాదనడు. ఆ హక్కు అమలు కావడానికి కావలసిన చిన్న పని చెయ్యడు, అంతే. దానితో శివారులో నాట్లు పడవు. రైతుకు పంట పోతుంది, కూలీకి పని పోతుంది.

సరిగ్గా ఇదే నాటకం అమెరికాలో టెలిఫోను తీగల మీద నడిచింది. టెలిఫోను గొడవ రైతు శీర్షికలో ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఆ కథ మొదలైంది రైతుల పొలం కంచెల దగ్గరే గనుక మేము దాన్ని ఇక్కడ చెప్పదలచాము.

ముళ్లకంచె మీద మాట

బెల్ కంపెనీ పేటెంట్ల గడువు 1893, 1894లలో తీరిపోయింది. అప్పటిదాకా టెలిఫోను ఆ ఒక్క కంపెనీ సొత్తు. లాభం గిట్టదని అది పల్లెల ముఖం పెద్దగా చూడలేదు. పేటెంట్లు పోగానే రైతులు తామే పూనుకున్నారు. చందాలు వేసుకుని స్తంభాలు పాతారు. స్తంభాలకు డబ్బు లేనిచోట పొలం చుట్టూ ఉన్న ముళ్లతీగనే టెలిఫోను తీగ చేసుకున్నారు. పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు.

బెల్ కంపెనీ ఏం చేసింది? స్వతంత్ర కంపెనీల తీగలను తన దూరప్రాంత లైన్లతో కలపనంది. ఊళ్లో మాట్లాడుకోవచ్చు గానీ మాట పొలిమేర దాటదు! చివరకు గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ప్రభుత్వం కేసు పెట్టాక, 1913 డిసెంబరులో కంపెనీ దిగివచ్చింది. స్వతంత్ర కంపెనీలకు దూరప్రాంత లైన్లు అందిస్తానని రాసి ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఎన్నో పల్లెలకు టెలిఫోను లేదు. 1949లో గ్రామీణ విద్యుదీకరణ చట్టాన్ని సవరించి, సహకార సంఘాలకూ చిన్న కంపెనీలకూ ప్రభుత్వం చౌకవడ్డీ అప్పులు ఇచ్చింది. పల్లెకు తీగ తెచ్చింది పోటీ కాదు, ప్రజాధనమూ సహకారమూ.

1996 చట్టం: కాగితం మీద హక్కు

1984 జనవరి 1న బెల్ సామ్రాజ్యాన్ని ముక్కలు చేశారు. స్థానిక లైన్లు ఏడు ప్రాంతీయ కంపెనీల పాలయ్యాయి. పేరు మారింది గానీ, ఇంటికి వెళ్లే తీగ మీద ఏ ప్రాంతంలో ఆ కంపెనీదే పెత్తనం. పోటీ అన్నది లేని దశాబ్దాలలో చందాదారులు నెలనెలా కట్టిన డబ్బుతో వేసిన తీగ అది.

1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం మీద సంతకం చేశాడు. పోటీకి వచ్చే కంపెనీలకు పాత కంపెనీలు తమ తీగలను విడివిడిగా, ఖర్చు మీద లెక్కగట్టిన అద్దెకు, వివక్ష లేకుండా ఇవ్వాలన్నది అందులోని ఒక నిబంధన. గ్రామీణ చిన్న కంపెనీలకు మాత్రం కొంత మినహాయింపు ఉంచారు.

పెద్ద కంపెనీలు వెంటనే కోర్టుకెక్కాయి. 1997లో ఒక అప్పీలు కోర్టు, ఉన్న నెట్‌వర్కును ఇవ్వాలి గానీ ఇంకా కట్టని మెరుగైన నెట్‌వర్కును ఇవ్వనక్కర్లేదని చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఆ ఒక్క మాటను పట్టుకుని కంపెనీలు ఏం చేశాయో చూడండి.

అదే తీగ, అదే పని, వేరే ధర

పోటీ కంపెనీ ఒక లైను అద్దెకు అడుగుతుంది. తీగ ఉంది. కాని దానికి చివర ఒక లైన్‌కార్డు బిగించాలి, లేదా మధ్యలో సంకేతాన్ని బలపరిచే రిపీటరు పెట్టాలి, లేదా ఒక జాయింటు వెయ్యాలి. అంతమాత్రానికే “సదుపాయం లేదు” అని దరఖాస్తు తిరిగి వచ్చేది. ముఖ్యంగా వెరిజాన్ కంపెనీ మీద ఈ ఫిర్యాదులు వచ్చాయి. అసలు గుట్టు ఏమిటంటే, అదే లైనును ఎక్కువ ధర గల ‘ప్రత్యేక’ సేవ కింద అడిగితే పని జరిగిపోయేది. అంటే సదుపాయం లేకపోవడం కాదు, చౌక అద్దెకు ఇవ్వడం ఇష్టం లేకపోవడం!

2003 ఆగస్టులో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వెలువరించిన ఉత్తర్వు ఈ నాటకానికి అడ్డం పడింది. సూత్రం చాలా తేలిక: నీ సొంత ఖాతాదారు కోసం మామూలుగా చేసే పనిని పోటీదారు కోసం కూడా చెయ్యి. తీగలను అతకడం, లైన్‌కార్డు పెట్టడం, రిపీటరు బిగించడం, మల్టీప్లెక్సరును సర్దడం, ఇవన్నీ మామూలు మార్పులే అంది. కొత్తగా కందకం తవ్వి కేబుల్ వెయ్యడం మాత్రం ఈ బాధ్యతలోకి రాదు. ఈ పనుల ఖర్చు చాలాసార్లు నెలవారీ అద్దెలోనే కలిసి ఉంటుందనీ, ఒకే ఖర్చును రెండుసార్లు వసూలు చేయరాదనీ కూడా చెప్పింది. 2004 మార్చిలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వులోని మరికొన్ని ముఖ్య భాగాలను కొట్టివేసింది గానీ, ఈ సూత్రాన్ని నిలబెట్టింది.

మరి ఫలితం? తీగలను అద్దెకు తీసుకున్నవారిలో పెద్దవైన ఎ.టి.అండ్.టి., ఎం.సి.ఐ. కంపెనీలను 2005, 2006లలో ఆ పాత ప్రాంతీయ కంపెనీలే కొనేశాయి. 2019, 2020లలో కమిషన్ తీగలు పంచుకునే బాధ్యతల్లో చాలావాటిని తొలగించడం మొదలుపెట్టింది. పెట్టుబడిదారుల పోటీ చివరికి మళ్లీ గుత్తాధిపత్యం ఒడిలోకే చేరింది.

మన గడ్డ మీద

మన దేశంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. 2004 ఏప్రిల్‌లో ట్రాయ్, ఇళ్లకు వెళ్లే రాగి తీగలను ప్రైవేటు కంపెనీలకు తెరవాలని సిఫార్సు చేసింది. బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగ సంఘాలు వ్యతిరేకించాయి. ఆ అక్టోబరులో వచ్చిన విధానం దాన్ని తప్పనిసరి చేయకుండా కంపెనీల పరస్పర ఒప్పందాలకు వదిలింది.

“అమెరికాలో తీగ పంచమంటారు, ఇక్కడ వద్దంటారు, ఇదేం న్యాయం?” అని ఎవరైనా అడగవచ్చు. తేడా ఉంది. ఇక్కడ తీగ ప్రజల సొత్తు. గిట్టుబాటు కాని పల్లె లైన్ల భారం మోసింది ప్రభుత్వ రంగమే. పట్టణాల్లో లాభమొచ్చే తీగలను ఏరుకుని, పల్లె లైన్లను దాని నెత్తినే వదిలేస్తామంటే అది పంపకం కాదు, కొల్లగొట్టడం. అయితే ప్రభుత్వ రంగమైనా సరే, లైను చెడిపోయిందని మొరపెట్టుకున్న పేదవాడికి “మనిషి లేడు” అని జవాబు చెబితే చెల్లదు. మనిషి ఎందుకు లేడో కూడా అడగాలి. 2020 జనవరి 31న ఒక్కరోజునే 78 వేల మందికి పైగా బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటిదారి పట్టారు.

ఇది కూలీ కడుపుకు సంబంధించిన విషయం. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు ఫోనులో వెయ్యడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని చోట, మట్టి తవ్విన చేతులు ఉన్నా మస్తరులో పేరు లేక కూలీలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. హాజరు ఫోనులో పడాలని శాసించిన వాళ్లు సిగ్నల్ అందించే బాధ్యతను మాత్రం ఎవరి మీదా పెట్టలేదు.

అమెరికా తీగల కథ మనకు నేర్పేది ఇదే. హక్కు ఇచ్చామని చెప్పే చట్టాన్ని చూసి సంబరపడొద్దు. ఆ హక్కు అమలు కావడానికి ఏ చిన్న పని ఎవరు, ఎవరి ఖర్చుతో, ఎన్నాళ్లలో చెయ్యాలో చట్టంలో రాయించాలి. కనీస వేతనమైనా, శివారుకు నీళ్లయినా, సెల్ టవరైనా అంతే. “సదుపాయం లేదు” అన్న జవాబు వినగానే వెనక్కి తిరగకండి. “మీ సొంతానికైతే ఏం చేసుకుంటారు? మాకూ అదే చెయ్యండి” అని సంఘంగా నిలబడి అడగండి.