కొన్నాడు సరే... ఇంటికి తెచ్చేదెలా?

కారు కొంటే షోరూం నుంచి నేరుగా ఇంటికి వచ్చేస్తాం. మహా అయితే దారిలో గుడి దగ్గర ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయిస్తాం. అదే విమానం కొంటే? అమ్మినవాళ్లు దేశానికి ఓ మూల, మన ఊరు మరో మూల. మధ్యలో కొండలు, వానలు, చీకటి. అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా మొట్టమొదట దాటిన ఛార్లెస్ లిండ్‌బర్గ్ అలాంటి ప్రయాణాలు రెండు చేశాడు. మొదటిది అతడికి విమానం నడపడం నేర్పింది. రెండోది... బహుశా ప్రాణాలే కాపాడింది!

ఐదొందల డాలర్ల బేరం

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సైన్యం దగ్గర వేలకొద్దీ శిక్షణ విమానాలు మిగిలిపోయాయి. పేరు కర్టిస్ జెన్నీ. చెక్క చట్రం, దానిమీద బిగించి కట్టిన గుడ్డ, రెండు సీట్లు, 90 హార్స్‌పవర్ ఇంజిన్. బ్రేకులు ఉండవు. ఎంత లాగినా గంటకు 120 కిలోమీటర్లు దాటదు. వాటిని అయినకాడికి అమ్మేస్తున్నారని తెలిసి 1923 వసంతకాలంలో లిండ్‌బర్గ్ జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే ఊరికి వెళ్లాడు. అప్పటికి అతడి వయసు 21. ఇంజినీరింగ్ చదువు మధ్యలోనే మానేశాడు. విమానాల రెక్కలమీద నిలబడి విన్యాసాలు చేశాడు, పారాచూట్‌తో దూకాడు, మెకానిక్‌గా పనిచేశాడు. తండ్రి ఒకప్పటి పార్లమెంటు సభ్యుడు. కొడుకు గాల్లో తిరగడం ఆయనకు ఇష్టంలేదు. అయినా బ్యాంకు అప్పుకు పూచీకత్తు ఇచ్చాడు.

అలా 500 డాలర్లకు ఓ జెన్నీ లిండ్‌బర్గ్ సొంతమైంది. కొత్త ఇంజిన్ బిగించారు, కొత్త రంగు వేశారు. అంతా బాగానే ఉంది కానీ... ఒక్కటే సమస్య. అతడు అప్పటిదాకా ఒంటరిగా విమానం నడపలేదు!

ఏడాది కిందట నెబ్రాస్కాలోని లింకన్‌లో ఎనిమిది గంటలో ఎంతో శిక్షణ తీసుకున్నాడు. విమానం దెబ్బతింటే నష్టం కట్టిస్తానని ధరావతు చెల్లిస్తేగానీ ఒంటరిగా ఎగరనివ్వమన్నారు. అంత డబ్బు అతడి దగ్గర లేదు. ఆ తర్వాత నెలల తరబడి విమానం నడిపే అవకాశమే రాలేదు. అమెరికస్‌లో అమ్మినవాళ్లు మాత్రం ‘నీకు నడపడం వచ్చా’ అని అడగనే లేదు. ఆ రోజుల్లో పైలట్‌కు లైసెన్స్ ఉండాలన్న చట్టమూ లేదు. అలాంటి చట్టం అమెరికాలో వచ్చింది 1926లో.

మొదటి ప్రయత్నంలో జెన్నీ నాలుగడుగులు లేచి ఓ పక్కకు ఒరిగి, ఒంటి చక్రంమీద దిగింది. అదంతా చూస్తున్న మరో పైలట్ దగ్గరికొచ్చాడు. కాసేపు తను కూడా ఎక్కి దగ్గరుండి నడిపించాడు. సాయంత్రం గాలి తగ్గేదాకా ఆగి అప్పుడు ఒంటరిగా వెళ్లమన్నాడు. లిండ్‌బర్గ్ ఆగాడు. ఆ సాయంత్రమే తొలిసారి ఒక్కడే ఆకాశంలోకి వెళ్లి, క్షేమంగా దిగాడు. ఓ వారంపాటు అక్కడక్కడే ఎక్కుతూ దిగుతూ సాధన చేశాడు. ఆ తర్వాత సంచీ సర్దుకుని మిన్నెసోటాకు బయల్దేరాడు. అక్కడ తండ్రి సెనెట్ ఎన్నికల్లో పోటీ చేస్తున్నాడు. ఆయన ప్రచారానికి విమానంతో సాయం చేయాలని కొడుకు ఆశ.

పడమరకని వెళ్లి...

మిన్నెసోటా ఉత్తరాన ఉంది. కుర్రాడు మాత్రం టెక్సాస్ మీదుగా వెళ్లాలని ముచ్చటపడ్డాడు. అలబామాలోని మాంట్‌గోమరీ వరకూ బాగానే సాగింది. మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్‌లో మొదటి ప్రయాణికుడు దొరికాడు. చూడబోతే బాగా భారీ మనిషి. అయిదు డాలర్లు వస్తాయి కదా అని ఎక్కించుకుంటే జెన్నీ అతికష్టం మీద నేలను వదిలింది. బరువెక్కితే విమానం ఎలా మొరాయిస్తుందో అప్పుడు తెలిసింది.

అక్కణ్నుంచి పడమరకు వెళుతున్నానే అనుకున్నాడు. వాన ముంచుకొచ్చేసరికి ఓ పచ్చిక బయల్లో దిగాడు. దిగాక చూస్తే గడ్డి చాటున కాలువ! చక్రాలు అందులో పడి ముక్కు నేలకు కొట్టుకుంది. ప్రొపెల్లర్ విరిగిపోయింది. ఇంతకీ ఎక్కడున్నానని ఆరా తీస్తే- మేబెన్ అనే చిన్న ఊరు. పడమరకు వెళ్లాల్సినవాడు చాలావరకూ ఉత్తరానికి వచ్చేశాడు!

కొత్త ప్రొపెల్లర్ కోసం తంతి పంపి ఎదురుచూశాడు. అది వచ్చి బిగించాక ఊరివాళ్లు విమానం చుట్టూ మూగారు. మనిషికి అయిదు డాలర్ల చొప్పున వాళ్లను ఎక్కించుకుని తిప్పి, రిపేరు ఖర్చులు రాబట్టుకున్నాడు. ఆర్కన్సా, టెక్సాస్ అంచు, ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా... దిగిన ప్రతిచోటా ఏదో ఒకటి నేర్చుకుంటూ మిన్నెసోటా చేరాడు. ఇక తండ్రి దగ్గరికి చేరడమే తరువాయి అనుకుంటుండగా సావేజ్ అనే ఊరి దగ్గర తుపాను గాలి ఎదురైంది. ఇంజిన్‌లో ఎనిమిది సిలిండర్లకు మూడు మొరాయించాయి. కింద చిత్తడి నేల. చక్రాలు బురదలో కూరుకుపోయి జెన్నీ పల్టీ కొట్టింది. సీటు బెల్టుకు తలకిందులుగా వేలాడుతూ మిగిలాడు మన పైలట్. దెబ్బలు తగల్లేదు కానీ ప్రొపెల్లర్ మళ్లీ పోయింది!

ఎన్నికల్లో తండ్రి ఓడిపోయాడు. ఏడాది తిరగకుండానే కన్నుమూశాడు. అయితే, ఒకప్పుడు విమానాలు వద్దన్న ఆ తండ్రి కొడుకు నడిపే జెన్నీలో ఎక్కి ప్రచారానికి వెళ్లాడు. తల్లి కూడా అందులో ఊళ్లు తిరిగింది.

నాలుగేళ్ల తర్వాత...

1927 మే నెల. ఈసారి లిండ్‌బర్గ్ శాన్ డియేగోలో ఉన్నాడు. సైన్యంలో శిక్షణ పూర్తిచేసి, సెయింట్ లూయిస్ నుంచి షికాగోకి టపా విమానాలు నడిపి రాటుదేలాడు. న్యూయార్క్-పారిస్ మధ్య ఆగకుండా ఎగిరినవారికి 25 వేల డాలర్ల బహుమతి ఉంది. దానికోసం సెయింట్ లూయిస్ వ్యాపారులు పెట్టుబడి పెట్టారు. అతడు కూడబెట్టుకున్న 2 వేల డాలర్లూ అందులో కలిశాయి. శాన్ డియేగోలోని రయాన్ కంపెనీ రెండు నెలల్లో విమానం కట్టి ఇచ్చింది. ధర 10,580 డాలర్లు. పేరు ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’. ఒకటే సీటు, ఒకటే ఇంజిన్. ముందంతా పెట్రోలు ట్యాంకే కాబట్టి ఎదురుగా అద్దం కూడా ఉండదు!

ఇప్పుడు దాన్ని దేశం దాటించి ముందు సెయింట్ లూయిస్‌కీ, తర్వాత న్యూయార్క్‌కీ తీసుకెళ్లాలి. తొందరపడటానికి కారణాలు బోలెడు. పోటీదారులు న్యూయార్క్‌లో సిద్ధంగా ఉన్నారు. మే 8న ఇద్దరు ఫ్రెంచి పైలట్లు పారిస్ నుంచి బయల్దేరారు కూడా. (వాళ్లు మళ్లీ కనిపించలేదు.) అయినా సరే, దారిలో వాతావరణం బాగాలేదని లిండ్‌బర్గ్ కొన్ని రోజులు కదల్లేదు. నాలుగేళ్ల కిందటి కుర్రాడైతే ఆగేవాడా?

మే 10, సాయంత్రం నాలుగవుతుండగా బయల్దేరాడు. రాత్రంతా ఎగిరితే తెల్లారేసరికి సెయింట్ లూయిస్ వస్తుందని లెక్క. దూరం దాదాపు 2,400 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చినంత, అదీ ఎక్కడా దిగకుండా.

కొండలమీద దగ్గిన ఇంజిన్

చీకటిపడింది. కింద కొండలు. హఠాత్తుగా ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది. విమానం వణుకుతోంది, ఎత్తు తగ్గిపోతోంది. దిగడానికి చదునైన నేల ఎక్కడుందో ఆ వెన్నెల్లో వెతుకుతూ గుండ్రంగా తిరిగాడు. ఇంజిన్‌కు అందే పెట్రోలునీ గాలినీ హెచ్చిస్తూ తగ్గిస్తూ చూశాడు. క్రమంగా దగ్గు తగ్గింది. వెనక్కి వెళ్లాలా? ముందుకే పోవాలా? ఇంజిన్ కుదుటపడిందని నమ్మకం కుదిరాక ముందుకే పోయాడు. ఈసారి ఇంకాస్త ఎత్తులో. 14 గంటల 25 నిమిషాల తర్వాత సెయింట్ లూయిస్‌లో దిగాడు.

ఇంతకీ ఇంజిన్‌కి ఏమైంది? మట్టికూజాలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో మనకు తెలుసు. ఊరిన నీరు ఆవిరవుతూ కూజాలోని వేడిని లాక్కుంటుంది. ఇంజిన్‌లోని కార్బ్యురేటర్‌లోనూ పెట్రోలు అలాగే ఆవిరై గాలితో కలుస్తుంది. అప్పుడది ఎంత చల్లబడుతుందంటే, గాల్లోని తేమ అక్కడే మంచుగా పేరుకుంటుంది. గొంతు పూడుకుపోయి ఇంజిన్‌కు ఊపిరి అందదు. అదే జరిగి ఉంటుందని లిండ్‌బర్గ్ అనుమానించాడు. న్యూయార్క్ చేరగానే కార్బ్యురేటర్‌కు వేడిగాలి అందించే ఏర్పాటు చేయించాడు.

సెయింట్ లూయిస్‌లో విందులూ వేడుకలూ అనుకున్నారు. వద్దన్నాడు. పెట్టుబడి పెట్టినవాళ్లూ సరేనన్నారు. మర్నాడు ఉదయమే బయల్దేరి న్యూయార్క్‌లో దిగాడు. రెండు విడతలూ కలిపి గాల్లో ఉన్నది 22 గంటలకన్నా తక్కువే.  వారం తర్వాత, మే 20న పారిస్ బయల్దేరి, 33న్నర గంటలపాటు ఒక్కడే ఎగిరి చరిత్రకెక్కాడు. దారిలో చల్లటి మబ్బులూ రెక్కలమీద మంచూ ఎదురయ్యాయి. కొండలమీద దగ్గిన ఇంజిన్ సముద్రంమీద దగ్గి ఉంటే..? లోపం ఇంటిదారిలోనే బయటపడటం అతడి అదృష్టం. దాన్ని తేలిగ్గా తీసుకోకపోవడం మాత్రం అదృష్టం కాదు. మేబెన్ కాలువా, సావేజ్ బురదా నేర్పిన పాఠం.

సంతలో ఎద్దును కొన్నట్టే!

అమెరికాలో ఇప్పటికీ ఎంతోమంది మామూలు మనుషులు పాత చిన్న విమానాలు కొని ఇళ్లకు నడుపుకుంటూ వెళుతుంటారు. ఎక్కువగా కనిపించేది నాలుగు సీట్ల సెస్నా 172. 1950లలో మొదలైన ఈ రకం 44 వేలకు పైగా తయారైంది. ప్రపంచంలో మరే విమానాన్నీ ఇన్ని తయారుచేయలేదు. గంటకు 200 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ వేగంతో, ప్రతి మూడు నాలుగు గంటలకూ దిగి పెట్రోలు పోయించుకుంటూ వెళితే, దేశం దాటడానికి రెండు మూడు రోజులు. అదీ వాతావరణం దయతలిస్తేనే.

పశువుల సంతలో రైతు ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. విమానానికీ అంతే. కొనేముందు అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్‌తో ఇంజిన్ తనిఖీ చేయిస్తారు. పాత లాగ్‌బుక్కులు తిరగేస్తారు. ఏడాదికోసారి జరగాల్సిన తనిఖీ గడువు దాటిపోతే, ఇంటికి తీసుకెళ్లేందుకు ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. పగలైతే చేరాల్సిన చోటు చేరాక కూడా అరగంటకు, రాత్రయితే ముప్పావుగంటకు సరిపడా పెట్రోలు మిగిలేలా చూసుకోవాలన్నది అక్కడి నిబంధన. అనుభవజ్ఞులు గంటకు సరిపడా ఉంచుకుంటారు. కొత్త విమానం లీటరుకు ఎంత దూరం పోతుందో కాగితంమీద రాసిన లెక్కకూ, గాల్లో తేలే లెక్కకూ తేడా ఉంటుంది కదా మరి! లిండ్‌బర్గ్‌ను భయపెట్టిన మంచు కోసం పాత సెస్నాల్లో వేడిగాలి మీట ఒకటి ఉంటుంది. 1996 నుంచి వస్తున్న కొత్త రకాల్లో అసలు కార్బ్యురేటరే లేదు.

జీపీఎస్ వచ్చింది కాబట్టి దారి తప్పే బెడద చాలావరకూ తీరింది. ముందున్న మబ్బులు కూడా తెరమీద కనిపిస్తాయి. తీరనిది ఒక్కటే- ఇంటి యావ. పైలట్లు దానికి సరదాగా జబ్బు పేరు పెట్టుకున్నారు- ‘గెట్ హోమైటిస్’ అని. ఇంకొక్క గంటలో ఇంటికి చేరతాం, పిల్లలు రన్‌వే దగ్గర ఎదురుచూస్తుంటారు, సోమవారం ఆఫీసుకు వెళ్లాలి... ఇలాంటి ఆలోచనలే నల్లమబ్బులోకి తోసేస్తాయి. చూపు ఆనని మబ్బులోకి అనుభవం లేని పైలట్ వెళ్తే ఏది పైనో ఏది కిందో తెలియదు. ఇలాంటి సందర్భాల్లో చిన్న విమానాలకు జరిగే ప్రమాదాలు చాలావరకూ ప్రాణాంతకమే.

అందుకే అనుభవమున్న పైలట్లు కొత్త యజమానులకు చెప్పే మాట ఒక్కటే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘ఫలానా రోజుకు వస్తా’ అని చెప్పొద్దు. ‘వాతావరణం బాగుంటే వస్తా’ అనే చెప్పమంటారు. అవసరమైతే విమానాన్ని అక్కడే కట్టేసి బస్సెక్కి వచ్చేయమంటారు. వారం తర్వాత వెళ్లి తెచ్చుకోవచ్చు, విమానం ఎక్కడికీ పోదు!