గుంపుగా సైకిల్‌పై వెళ్తున్నారా? ఎడం పాటించండి

ఉదయం బడివేళ మండల కేంద్రానికి వెళ్లే రోడ్డుపై విద్యార్థులు ముగ్గురు నలుగురు పక్కపక్కన సైకిళ్లు తొక్కుతూ, కబుర్లు చెప్పుకొంటూ వెళ్లడం నిత్యం కనిపించేదే. ఆరోగ్యం కోసం తెల్లవారుజామునే బృందాలుగా బయలుదేరే పెద్దలూ ఉన్నారు. తోడు ఉంటే ధైర్యమే. అయితే సైకిళ్ల మధ్య ఎడం తగ్గితే ఒకరి పొరపాటుకు పలువురు కింద పడతారు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం పెడల్‌తో తొక్కే సైకిల్ మోటారు వాహనం కాదు. అందుకే దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా అవసరం లేదు. అంతమాత్రాన ఇష్టానుసారం తొక్కవచ్చని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా ఏ వాహనం నడిపినా వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు లేదా రూ.1000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

సెకనులో మూడు సైకిళ్ల దూరం

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ సెకనుకు అయిదున్నర మీటర్లు కదులుతుంది. అంటే సుమారు మూడు సైకిళ్ల పొడవు. ముందున్న వ్యక్తి గుంతను చూసి బ్రేకు వేస్తే, వెనుకనున్నవారు గమనించి బ్రేకు నొక్కేలోపే ఆ దూరం దాటిపోతుంది. ముందు సైకిల్ వెనుక చక్రానికి మన ముందు చక్రం తగిలితే హ్యాండిల్ అదుపు తప్పి సాధారణంగా వెనుకనున్నవారే పడిపోతారు.

ఒక వరుసా.. రెండా?

బ్రిటన్‌లో 2022 జనవరిలో సవరించిన రహదారి నియమావళి ఇద్దరు పక్కపక్కన వెళ్లడాన్ని అనుమతిస్తూనే, వెనుక వాహనాలకు దారి ఇవ్వాలని సూచిస్తోంది. సైకిళ్లను దాటే వాహనాలు కనీసం 1.5 మీటర్ల ఎడం ఉంచాలని చెబుతోంది. మన ఇరుకు రోడ్లపై, లారీలు, బస్సులు తిరిగే చోట ఒకరి వెనుక ఒకరు వెళ్లడమే క్షేమం. పది మంది తగిన ఎడంతో ఒకే వరుసలో సాగితే అది 60 మీటర్లు దాటుతుంది. అంత పొడవైన వరుసను దాటబోయి మధ్యలో ఎదురుగా బండి వస్తే డ్రైవరు సైకిళ్ల పైకే తిప్పే ప్రమాదం ఉంది. కాబట్టి నలుగురైదుగురు చొప్పున విడిపోయి, రెండు జట్ల మధ్య వాహనం పట్టేంత ఖాళీ వదలాలి.

డ్రైవర్లకూ బాధ్యత

పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధుల పట్ల ప్రత్యేక జాగ్రత్త వహించాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు వాహన చోదకులను ఆదేశిస్తున్నాయి. సైకిళ్ల వెనుకకు వచ్చి ఒక్కసారిగా హారన్ మోగిస్తే పిల్లలు తడబడి రోడ్డు మధ్యలోకి వచ్చే అవకాశం ఉంది.

ఇవి మరవొద్దు

* రోడ్డుకు ఎడమవైపునే వెళ్లాలి.
* మలుపులు, వంతెనల వద్ద ఒకే వరుస పాటించాలి.
* గుంత కనిపిస్తే చేత్తో చూపి, వెనుకవారికి కేక వేసి చెప్పాలి.
* ఆగేముందు, తిరిగేముందు చెయ్యి చాపి సైగ చేయాలి.
* పక్కవారి భుజంపై చెయ్యి వేసి తొక్కరాదు.
* చీకట్లో ముందు దీపం, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ తప్పనిసరిగా ఉండాలి.

సైకిల్ కొనిచ్చిన రోజే తల్లిదండ్రులు, బడిలో ఉపాధ్యాయులు ఈ నాలుగు మాటలు చెబితే పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారు.