స్కైరిమ్‌కు కొత్త వేషాలు!

1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దారు. కథ అదే, కళ మాత్రం కొత్తది! 2011లో వచ్చిన ‘స్కైరిమ్’ వీడియో గేముకు అభిమానులు తగిలించే ‘మాడ్’లూ అలాంటివే. కొత్త ముఖాలు, కొత్త ఆయుధాలు, కొత్త ఊళ్ళు... అన్నీ వాళ్ళ చలవే!

ఎర్రమంజిల్‌లో గది తీసుకుని, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చదివే తమ్ముళ్ళూ, మీకూ ఈ సరదా ఉందా? అయితే కాస్త ఆగండి!

ముందు మీ దగ్గరున్న గేము ఏదో చూసుకోండి. 2011 నాటి గేముకు చేసిన మాడ్ 2016 స్పెషల్ ఎడిషన్‌కు చాలాసార్లు పనికిరాదు. హీరో కొలతలకు కుట్టిన కోటు హాస్యనటుడికి పడుతుందా?

ఆపైన వరస. రెండు మాడ్‌లు ఒకే వస్తువును మారిస్తే, వరసలో చివరున్నదే నెగ్గుతుంది. ఒకే సీనుకు ఇద్దరు మాటలు రాస్తే, చివరివాడి డైలాగే తెరమీద వినిపించినట్టు! వోర్టెక్స్‌లాంటి మేనేజర్ ఉంటే వరస సర్దుకోవడం సులువు. ఒక్కటి వేసి, ఆడి చూసి, అప్పుడు రెండోదానికి వెళ్ళండి.

అసలు ప్రమాదం తీసెయ్యడంలో ఉంది. సగం ఆటలో మాడ్ పీకేస్తే, దాని స్క్రిప్టుల ముక్కలు సేవ్ ఫైలులో మిగిలిపోవచ్చు. నెలల తరబడి ఆడిన ఆట తెరుచుకోకపోవచ్చు! సగం షూటింగయ్యాక ఏ నిర్మాతైనా హీరోను మారుస్తాడా? సేవ్ ఫైలుకు కాపీ దాచుకున్నాకే చెయ్యి పెట్టండి.

వంద మాడ్‌లు వేసి మధ్యలో ఆగిపోయినవాడికన్నా, పది వేసి చివరిదాకా ఆడినవాడే మొనగాడు! ఏమంటారు?