మురుగునీటి బూజు ఇచ్చిన మందు

ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కాల్యరీ రేవుపట్నం ఉంది. 1945లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆరోగ్యశాస్త్రం బోధించే జుసెప్పే బ్రోట్జును ఊరి మురుగు సముద్రంలో కలిసే చోటు ఆకర్షించింది. ఇంత మురుగు కలుస్తున్నా ఆ నీళ్లు మళ్లీ ఎలా తేటపడుతున్నాయి? టైఫాయిడ్ క్రిములను చంపేది అక్కడేదో ఉండాలనుకున్నారు. ఆ నీటి నుంచి సెఫలోస్పోరియం అనే బూజును పట్టుకున్నారు. దాని రసాన్ని టైఫాయిడ్ రోగులకిచ్చారు, సెగగడ్డలపై వాడారు. గుణం కనిపించింది. కానీ దాన్ని మందుగా తయారుచేసే సదుపాయం ఆయనకు లేదు.

1948లో ఆ బూజు ఆక్స్‌ఫర్డ్ చేరింది. ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ 1953లో అందులో సెఫలోస్పోరిన్ సి ఉందని కనుగొన్నారు. దాని శక్తి తక్కువే. అయినా పెన్సిలిన్‌ను తునకలు చేసే స్టెఫైలోకాకస్ క్రిముల ఎంజైముకు అది లొంగలేదు. పెన్సిలిన్‌కు మొండికేసిన ఆ క్రిములు ఆస్పత్రుల్లో పెరిగిపోతున్న రోజులవి. అందుకే వాళ్లు దాన్ని వదల్లేదు. ఆ అణువుకు మెరుగులు దిద్ది 1964లో ఎలీ లిల్లీ సంస్థ తెచ్చిన సెఫలోథిన్‌తో సెఫలోస్పోరిన్ మందుల తొలితరం మొదలైంది. సెఫాజోలిన్, సెఫలెక్సిన్ తర్వాత వచ్చాయి.

బ్యాక్టీరియా ఒంటిచుట్టూ గట్టి వలలాంటి గోడ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కొత్త పోగులను ముడివేసే పని కొన్ని ఎంజైములది. సెఫలోస్పోరిన్‌లోని బీటా లాక్టమ్ వలయం అచ్చం పోగు కొసలా కనిపిస్తుంది. ముడి వేయబోయిన ఎంజైము దాన్ని పట్టుకుని అక్కడే అతుక్కుపోతుంది. ముడులు పడని వల వదులై, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మన కణాలకు ఆ గోడే లేదు కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు.

చర్మంపై చీముగడ్డలు, స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి, ఈ.కోలై వల్ల వచ్చే కొన్ని మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు సెఫలెక్సిన్‌తో తగ్గుతాయి. ఆపరేషన్లో కోత పెట్టేముందు, గంటలోపు, నరంలోకి ఎక్కించేది తరచుగా సెఫాజోలినే. చర్మం మీది క్రిములు గాయంలో స్థిరపడేలోగా మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. జలుబు వైరస్‌పై మాత్రం ఈ మందులు పనిచేయవు. మెథిసిలిన్ అనే మందుకు లొంగని స్టెఫైలోకాకస్, ఎంటెరోకాకస్ కూడా వీటికి లొంగవు.

బ్రోట్జు వెతికింది టైఫాయిడ్‌కు విరుగుడు. తొలితరం మందులు ఆ జ్వరానికి సరిపోలేదు. మూడోతరానికి చెందిన సెఫ్ట్రియాక్సోన్ ఆ కొరత తీర్చింది. ఇవాళ మన ఆస్పత్రుల్లో టైఫాయిడ్ రోగి చేతికి పెట్టిన సూదిలోంచి ఎక్కుతున్నది చాలాసార్లు ఆ మందే. కాల్యరీ మురుగునీటి ఒడ్డున బ్రోట్జు మొదలుపెట్టిన వెతుకులాట చేరింది అక్కడికే.